నాలుగో లేన్ కంటికి బొట్టు

పది గుండ్లు కాల్చిన సోమ్లీ టార్గెట్ మీద పదమూడు రంధ్రాలు తేలాయి. రెండుసార్లు లెక్కపెట్టినా అంతే. ఆమె పక్కన పడుకుని కాల్చిన రేణుక టార్గెట్ మీద మాత్రం రెండే ఉన్నాయి. అంటే రేణుక గుండ్లలో మూడు పక్కింటికి చుట్టపుచూపుగా వెళ్లాయన్నమాట. మిగిలిన అయిదూ ఎటు పోయాయో వెనకనున్న మట్టిగుట్టకే తెలియాలి.

"ఏం బిడ్డా రేణుకా, దోస్తుకు బతుకమ్మ పండుగ కానుక ఇచ్చినవా?" అన్నాడు ఫైరింగ్ నేర్పే ఉస్తాద్ సారయ్య.

రేంజ్ మీదున్న అమ్మాయిలంతా ఘొల్లున నవ్వారు. సోమ్లీ కూడా నవ్వింది. నవ్వాక నాలుక కరుచుకుంది, ఎందుకంటే పక్కనే రేణుక మొహం మాడిపోయి ఉంది.

నవ్వులాట సంగతి అలా ఉంచితే, వ్యవహారం నిజంగానే ముదిరింది. భూపాలపల్లి అవతల, చెల్పూర్ పొగగొట్టాలు కనిపించే దూరంలో ఉన్న ఆ పోలీసు శిక్షణ కేంద్రంలో ఆడపిల్లలు తొమ్మిది నెలలుగా కవాతు చేస్తున్నారు. కార్తీకంలో ఆఖరి పరేడ్. ఆ రోజు పరేడ్‌లో అడుగు వేసినవాళ్లే కానిస్టేబుళ్లు. ఫైరింగ్‌లో పదికి ఏడు తగలనివాళ్లకు పరేడ్ లేదు, మళ్లీ వచ్చే బ్యాచ్‌తో మొదటినుంచి రావాలి. రేణుక తప్పడం ఇది రెండోసారి. ఇంకొక్క అవకాశం ఉంది, ఇరవై రెండు రోజుల తర్వాత.

పరుగులో ఆమె ముందుంటుంది. తాడు ఎక్కమంటే మగపిల్లలకన్నా వేగంగా ఎక్కుతుంది. ఎక్కదా మరి! జనగామ దగ్గరి పల్లెలో తాళ్లు, అంటే తాటిచెట్లు, ఎక్కి కల్లు గీసే కాటమయ్య కూతురు. చట్టం పుస్తకాలన్నీ నోటికి వచ్చు. ఒక్క రైఫిల్ చేతికొస్తే చాలు, తలప్రాణం తోకకొస్తుంది.

ఇందులో పెద్ద చిక్కు కాటమయ్యతోనే. ఆయన తాటివనంలోకి కల్లు తాగడానికొచ్చిన ప్రతి మనిషికీ లొట్టి వంచకముందే బిడ్డ పరేడ్ సంగతి చెప్పేశాడు. పద్దెనిమిది మందిని తీసుకొస్తానని ట్రాలీ ఆటో కూడా మాట్లాడిపెట్టుకున్నాడు. తెల్ల చొక్కా కుట్టించుకున్నాడు. 'బాపూ, ఈసారి రాకు, నేను తప్పిన' అని ఆ మనిషికి ఏ నోటితో చెప్పాలి? రాత్రి మంచం మీద ఒత్తిగిలి పడుకుని రేణుక అదే తలుచుకుని ఏడ్చింది. ఉద్యోగం ఏడాది ఆలస్యమైతే ఆమె తట్టుకోగలదు. ఆ తెల్ల చొక్కా పెట్టెలో మడతపడి ఉండటం మాత్రం తట్టుకోలేదు.

తప్పినవాళ్లకు ఆఖరి పరీక్ష దాకా అసలు గుండ్లు ఇవ్వరు. "మరి ఎట్ల నేర్చుకోవాలె ఉస్తాద్?" అని అడిగింది.

సారయ్యది నర్సింహులపేట. ఇరవై ఆరేళ్లుగా రైఫిల్ నేర్పుతున్నాడు. ఆయన గొంతు విప్పితే గుట్ట మీది పిట్టలు లేస్తాయి. "టాకీస్ ఉంది గదా, పోయి చూడు. పాప్‌కార్న్ కొనుక్కొని పో," అన్నాడు.

టాకీస్ అంటే సిమ్యులేటర్ గది. ఒకప్పుడు మెస్ బియ్యం బస్తాలుండేవి అందులో. మూడు నెలల కింద ఒక గోడంతా తెల్లతెర కట్టి, నాలుగు లేన్లు గీసి, నాలుగు రైఫిళ్లు పెట్టారు. బరువులో, పట్టులో అసలు రైఫిలే, కాకపోతే గుండుకు బదులు కంటికి కనబడని వెలుతురు కిరణం వదులుతుంది. తెర మీద రేంజ్, గుట్ట, టార్గెట్ అన్నీ ఉంటాయి. ట్రిగ్గర్ నొక్కితే స్పీకర్లో ఢామ్మంటుంది, గాలి దెబ్బతో భుజం మీద చిన్న తన్ను తగులుతుంది. ఇదంతా ఉస్తాద్‌కు ఒళ్లుమంట. మందువాసన లేని ఫైరింగ్ ఉప్పులేని పప్పు అంటాడు. ఆయన మాటే వేదం కాబట్టి అమ్మాయిలెవరూ అటు తొంగిచూడరు. పై అధికారులు చూడ్డానికి వచ్చిన రోజు మాత్రం గది ఊడ్చి, నలుగురిని నిలబెట్టి ఫొటో తీస్తారు.

ఆ గదిని చూసుకునేది హెడ్ కానిస్టేబుల్ మనోరమ. మహబూబాబాద్ దగ్గర కురవి ఆమె ఊరు. నలభై దాటిన మనిషి, గొంతు పెంచడం ఎరగదు. రేణుక తలుపు దగ్గర నిలబడేసరికి ఆమె కుర్చీలోంచి లేచి నిలబడింది, ఏదో పెద్దాఫీసరు వచ్చినట్టు.

"నేర్చుకునేతందుకు వచ్చినవా, ఫొటోకు వచ్చినవా?"

"నేర్చుకునేతందుకే అక్కా."

"అయితే పండుకో. నాలుగో లేన్ మంచిగుంటది."

రేణుక పది కాల్చింది. మూడు తగిలాయి. తెర మీద టార్గెట్ పెద్దదై, దాని చుట్టూ పిచ్చి ముగ్గులాంటి పచ్చగీత ఒకటి కనబడింది. రేణుక గురిపెట్టిన క్షణం నుంచి గొట్టం కొస ఎటెటు తిరిగిందో ఆ గీత చెబుతుందట. మొదట్లో గీత బాగానే టార్గెట్ నడిమికి వచ్చి నిలిచింది. తర్వాత సన్నగా వణికింది, ఆ వణుకు పెద్దదైంది, ఆఖరున ట్రిగ్గర్ నొక్కేముందు గుంటలో పడ్డట్టు కిందికి జారింది. పదింటికి పదీ అంతే.

రేణుక నోరెళ్లబెట్టి చూసింది. రేంజ్ మీద ఉస్తాద్ కేకలు వినడమే తప్ప తన తప్పును ఇలా కళ్లారా చూసింది లేదు.

"సప్పుడుకు భయపడుతున్ననా అక్కా?"

"భయపడేటోళ్ల గీత ఒక్కపారే ఎగురుతది. నీది మెల్లగ వణికి వణికి పడుతుంది. నువ్వు ఊపిరి ఏం చేస్తున్నవు?"

"బిగబడుతున్న. ఉస్తాద్ గదే జెప్పిండు గదా."

"ఎప్పటిసంది?"

"రైఫిల్ భుజానికి పెట్టంగనే."

మనోరమ గడియారం చూపించింది. రైఫిల్ భుజానికి ఆనించిన దగ్గర్నుంచి ట్రిగ్గర్ నొక్కేదాకా ఇరవై రెండు సెకన్లు. అంతసేపు ఊపిరి ఆపుకున్న మనిషి చేతిలో రైఫిలే కాదు, మంచినీళ్ల గ్లాసైనా వణుకుతుంది. ఉస్తాద్ బిగబట్టమన్నది నొక్కే ఆ ఒక్క గడియకే. రేణుకేమో మాట అందిస్తే చాలు, అర్థం అడగకుండా అంతకు నాలుగింతలు చేసే రకం.

తెలిసిందైతే తెలిసింది గానీ మానడం చేతకాలేదు. తొమ్మిది నెలల అలవాటు ఒక పూటలో పోతుందా? ఎప్పుడు వదలాలో, ఎప్పుడు ఆపాలో అందక వారమంతా నాలుగూ అయిదూ దగ్గరే కొట్టుకుంది.

ఆదివారం సాయంత్రం గంటసేపు ఫోన్లు ఇస్తారు. తప్పిన సంగతి చెప్పకుండా, ఊరికే అడిగినట్టు అడిగింది. "బాపూ, తాడు మీద గెల గీసేటప్పుడు ఊపిరి ఏం జేస్తవే?"

నలభై ఏళ్లలో కాటమయ్యను ఆ ప్రశ్న అడిగినవాళ్లు లేరు. "ఏం జేస్త, తీసుకుంట," అన్నాడు. తర్వాత ఆలోచించి చెప్పడం మొదలుపెట్టాడు. "బిగబట్టద్దు బిడ్డా. నడుముకు మోకు ఏసుకొని చెట్టు మీద నిలబడి బిగబడితే కాలు వణుకుతది. కాలు వణికితే మోకు వణుకుతది. కత్తి గెలను గీయదు, చీరుతది. ఊపిరి తీసుకోవాలె, ఇడువాలె. ఇడిసినంక మల్ల తీసుకునే ముందల జరంత సందు ఉంటది సూడు, గా సందుల ఆడియ్యాలె కత్తి. గాలికి ఊగే చెట్టు గూడ గప్పుడే నిలబడ్డట్టు కొడుతది."

"నిజంగ నిలబడుతదా?"

"చెట్టు ఏడ నిలబడుతదే? మనం నిలబడుతం. అయినా గిదంత ఎందుకడుగుతున్నవు?"

"ఊకెనే బాపూ," అంది రేణుక. ఫోన్ పెట్టేసి ఆ సందును వెతుకుతూ కూర్చుంది. తీసుకోవడం, వదలడం, ఆ తర్వాత... నిజమే. ఉంది. ఇన్నాళ్లూ ముక్కు కిందే ఉంది.

మర్నాడు నాలుగో లేన్‌లో పదికి ఏడు తగిలాయి. ఆ మర్నాడు ఎనిమిది. దసరా ముందురోజుకు తొమ్మిది. తెర మీది పచ్చగీత నడిమికొచ్చి చుక్కలా నిలిచిపోతోంది. రేణుకకు ఏనుగెక్కినంత సంబరమైంది. మనోరమను వాటేసుకుని గిరగిరా తిప్పింది. పై అధికారిని అలా తిప్పకూడదని ఇద్దరిలో ఎవరికీ గుర్తు రాలేదు.

"నేను పండుగకు ఊరికి పోతున్న. అయిదు రోజులు రాను. తాళం నీ దగ్గరుంచుకో, రోజు కాల్చు," అని చెప్పి మనోరమ కురవి బస్సెక్కింది.

దసరానాడు పొద్దున్నే ఆయుధాల గదిలో పూజ. రైఫిళ్లన్నీ వరసగా పేర్చి, పసుపు కుంకుమ పెట్టి, జమ్మి ఆకు వేసి, గుమ్మడికాయ కొట్టారు. జీపులకు పూజ చేశారు, వాయించే డప్పుకు చేశారు, ఉస్తాద్ మెడలోని విజిల్‌కు కూడా చేశారు. సిమ్యులేటర్ గది మాత్రం ఎవరికీ పట్టలేదు.

రేణుకకు అది నచ్చలేదు. తన పరువు కాపాడుతున్న మిషన్ పండుగపూట బోసిగా ఉంటుందా! పళ్లెంలో మిగిలిన పసుపూ కుంకుమా నూనె చుక్కతో తడిపి పట్టుకెళ్లింది. తెర చట్రానికి పెట్టింది. నాలుగు రైఫిళ్లకూ పెట్టింది. ఇక మిగిలింది ప్రతి లేన్‌కూ పైన దూలానికి బిగించిన చిన్న నల్లడబ్బా. అందులో గాజుబిళ్ల మెరుస్తుంటుంది. తన నాలుగో లేన్ డబ్బాను వదలడానికి మనసొప్పలేదు. స్టూలెక్కింది.

ఇక్కడ ఆమె ఇంటి ఆచారం ఒకటి చెప్పాలి. గీతవాళ్ల ఇళ్లలో దసరాకు కత్తికి బొట్టు పెడతారు. పిడికి కాదు, పదునున్న చోట పెడతారు. పనిచేసే చోటునే మొక్కాలని కాటమయ్య పట్టుదల. మోకుకు కూడా నడుం ఆనే చోటే పెడతాడు. ఆ ఇంట్లో పుట్టిన పిల్ల నల్లడబ్బాలో పనిచేసే చోటు ఏదా అని చూసింది. మెరిసే గాజుబిళ్ల కనబడింది. అదేదో లైటనుకుంది. కొంగు లేదు గనక చేతిరుమాలుతో తుడిచి, నిండుగా పసుపు పెట్టి, నడిమిన కుంకుమ అద్ది, దండం పెట్టి దిగింది. అది తెర మీద కిరణం ఎక్కడ పడిందో చూసి చెప్పే కెమెరా అనీ, ఆ లేన్‌కు ఉన్న ఒకే ఒక్క కన్ను అనీ ఆమెకు తెలియదు.

మర్నాడు కాల్చింది. మొదటి గుండు టార్గెట్‌కు పైన కుడిపక్కన ఎక్కడో పడింది. రెండోదీ అక్కడే. పదికి సున్నా.

ఊపిరి చూసుకుంది. సందు చూసుకుంది. మళ్లీ పది కాల్చింది. మళ్లీ సున్నా. పరీక్ష ఇంకా నాలుగు రోజులే ఉంది. పోయిందనుకుంది. వచ్చిన విద్య వచ్చినట్టే పోయింది, తన చేయి ఇంతే, దీనికి రైఫిల్ రాసిపెట్టి లేదు. మధ్యాహ్నం అన్నం సహించలేదు. రెండో రోజూ అంతే. మూడో రోజు మొండికేసి, గుండ్లు పైకీ కుడికీ పోతున్నాయి గనక టార్గెట్‌ను వదిలేసి దాని కింద ఎడమ మూలకు గురిపెట్టింది. ఠపీమని నడిమిన పడింది. ఇంకోటి, ఇంకోటి. సాయంత్రానికి మూలకు గురిపెట్టి నడిమిన కొట్టడం వచ్చేసింది.

పక్కన కూర్చుని చూస్తున్న సోమ్లీకి మతిపోయింది. "గదేంది రేణుకా, టార్గెట్ ఒకతాన ఉంటే నువ్వు ఇంకోతానికి చూస్తున్నవు? రేపు రేంజ్ మీద గిట్లనే కొడితే మల్ల నా మీదికే వస్తయి."

ఆ మాట ములుకులా గుచ్చుకుంది. నిజమే, ఇక్కడ వంకరగా నేర్చుకున్నది అక్కడ ముంచుతుందా? ఏది నమ్మాలి, తన చేతినా, ఈ తెరనా? ఆ రాత్రి రేణుకకు కంటి మీద కునుకు లేదు.

పరీక్ష ముందురోజు మధ్యాహ్నం మనోరమ దిగింది, సకినాల డబ్బాతో. రేణుక మొహం చూడగానే డబ్బా బల్ల మీద పెట్టి, నాలుగు రోజుల లెక్కలూ తెర మీదికి తెప్పించింది. తిట్టలేదు, ఓదార్చలేదు. తెర దగ్గరకెళ్లి, కుడిపైన పడ్డ పది రంధ్రాల మీద తన అరచేయి పెట్టింది. పదీ ఆ చేతికింద దాగిపోయాయి.

"ఇటు చూడు. చేయి తప్పితే గుండ్లు చెదురుతయి, ఊరంత తిరుగుతయి. నీయి చూడు, పదికి పది ఒక్క అరచేతి కింద ఉన్నయి. గింత మంచి గ్రూపు ఈ కేంద్రంల ఎవ్వలు కొట్టలే. తప్పు నీ చేతిల లేదు బిడ్డా. ఇంకేడనో ఉంది."

ఆమే పడుకుని అదే లేన్‌లో అయిదు కాల్చింది. అయిదూ కుడిపైనే పడ్డాయి. రైఫిల్ మార్చి కాల్చింది. అక్కడే. అప్పుడు లేచి, స్టూలేసుకుని దూలం దగ్గరికి తలెత్తింది. ఎత్తిన తల ఎత్తినట్టే ఉండిపోయింది.

"రేణుకా."

"అక్కా."

"ఈ కంటికి బొట్టు ఎవ్వలు పెట్టిండ్రు?"

నాలుగు రోజుల ఏడుపుకు కారణం అంతా అణా బిళ్లంత పసుపు, పప్పుబద్దంత కుంకుమ. నూనెకు జారి గాజుకు ఒక పక్కంతా అలుముకుని ఎండిపోయింది. రేణుక సిగ్గుతో చచ్చిపోయింది. మనోరమ స్టూలు మీద కూర్చుండిపోయి కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. ఆమె అంత నవ్వడం ఆ గదిలో ఎవరూ చూడలేదు. తర్వాత మెత్తని గుడ్డతో గాజును తుడుస్తూ అంది, "మూడు నెలలసంది ఈ మిషన్‌ను మనిషి లెక్క చూసినోళ్లు నువ్వొక్కదానివే. కోపం రాదు నాకు." రేణుక మళ్లీ పడుకుని పది కాల్చింది. తొమ్మిది నడిమిన పడ్డాయి. చేయి ఎక్కడికీ పోలేదు. అక్కడే ఉంది.

మర్నాడు రేంజ్ మీద తప్పినవాళ్లు ఆరుగురు. చూడ్డానికి మాత్రం బ్యాచ్ మొత్తం వచ్చింది. ముందు అయిదు గుండ్లు టార్గెట్ నల్లచక్రంలో పడాలి, పడితేనే అసలు పరీక్షకు పది ఇస్తారు. రేణుక పడుకుంది. మట్టి వాసన, మందు వాసన, పక్కన ఉస్తాద్ బూట్లు. ఊపిరి తీసుకుంది, వదిలింది. సందు దొరికింది. నొక్కింది. అయిదూ అలాగే కాల్చింది.

టార్గెట్ దగ్గర్నుంచి జెండా ఊగింది. అయిదూ నల్లచక్రం బయటే పడ్డాయి, కింద, ఎడమపక్కన.

"అయిపాయె," అన్నాడు సారయ్య. ఈసారి ఆయన గొంతులో వెటకారం లేదు, అదే ఇంకా బాధగా ఉంది. "లెవ్ బిడ్డా. ఏం జేస్తం, వచ్చే బ్యాచ్‌ల చూద్దాం."

రేణుక కళ్ల ముందు తెల్ల చొక్కా కదిలింది. వారం కిందటి రేణుకైతే అక్కడే బోరుమనేది. ఇప్పుడు లేచి నిలబడి, "నేను టార్గెట్ దగ్గరికి పోయి చూస్త ఉస్తాద్," అంది. ఆయన వద్దనేలోపే పరుగు తీసింది. వెళ్లి ఆ అయిదు రంధ్రాల మీద అరచేయి పెట్టింది. అయిదూ చేతికింద దాగిపోయాయి.

తిరిగొచ్చేటప్పుడు పరుగెత్తలేదు. నడిచి వచ్చి, ఉస్తాద్ ముందు నిటారుగా నిలబడింది. "ఉస్తాద్, చేయి తప్పలే. గుండ్లన్నీ ఒక్కకాడనే ఉన్నయి. రైఫిల్ల ఏదో ఉంది. మీరు దీంతోని మూడు గుండ్లు కాల్చి చూడుండ్రి."

రెండుసార్లు తప్పిన పిల్ల ఇరవై ఆరేళ్ల ఉస్తాద్‌కు రైఫిల్ వంక చెబుతోంది! సారయ్య మొహం కందగడ్డయింది. "ఆటరాకపోతే అందరు గిట్లనే అంటరు. నేను కాల్చినంక నడిమిన పడితే ఏం జేస్తవ్?"

"రేపే పెట్టె సర్దుకొని ఇంటికి పోత. వచ్చే బ్యాచ్‌కు గూడ రాను."

అన్నాక గానీ ఏమన్నదో ఆమెకు తెలియలేదు. అయినా మాట వెనక్కి తీసుకోలేదు. సోమ్లీ నోటికి చేయి అడ్డం పెట్టుకుంది.

సారయ్య పడుకున్నాడు. ఆ మనిషి పడుకోవడంలోనే ఒక అందం ఉంది, నేలలో కలిసిపోతాడు. ఢాం. ఢాం. ఢాం. మూడు గుండ్లు కాల్చి, జెండా కోసం చూడకుండా తానే టార్గెట్ దగ్గరికి నడిచాడు. చాలాసేపు అక్కడే నిలబడ్డాడు. ఆయన మూడు రంధ్రాలూ నల్లచక్రం బయటే ఉన్నాయి, కింద, ఎడమపక్కన, రేణుక అయిదింటినీ ఆనుకుని.

తిరిగొచ్చి రైఫిల్ ఎత్తి, గొట్టం కొసనున్న గురిపుల్లను కంటి దగ్గర పెట్టుకుని చూశాడు. వెంట్రుకవాసి పైకి లేచి కుడికి ఒరిగి ఉంది. పొద్దున లారీలోంచి దించుతుంటే ఒక రైఫిల్ కింద పడిందని, అది ఇదేనని సోమ్లీ అప్పుడు చెప్పింది.

"నా కండ్లకు కానరాలే," అన్నాడు సారయ్య అందరికీ వినబడేట్టు. అబద్ధమాడటం ఆ మనిషికి రాదు, దాచడం అంతకన్నా రాదు. "నీకెట్ల తెలిసింది బిడ్డా?"

"టాకీస్ల ఉస్తాద్," అంది రేణుక.

వెనకాల ఎవరో కిసుక్కుమన్నారు. ఉస్తాద్ మీసం కూడా కదిలింది. "సరే. వేరే రైఫిల్ తీసుకో. మల్ల అయిదు, ఆ తర్వాత పది."

"వద్దు ఉస్తాద్. గిదే ఉండనీయిండ్రి. గిది ఎటు పోతదో నాకు ఎరుకైంది. మూలకు చూసి నడిమిన కొట్టుడు టాకీస్ల నేర్చుకున్న."

సారయ్య ఆమెను కిందికీ మీదికీ చూశాడు. వద్దనాల్సిన మాటే. కానీ ఉస్తాద్ అన్నవాడికి జీవితంలో ఒకటి రెండుసార్లే అలాంటి మాట వినబడుతుంది. పది గుండ్లున్న మ్యాగజైన్ ఆమె చేతిలో పెట్టాడు.

సిమ్యులేటర్‌లో గుండ్లు పైకి, కుడికి పోయేవి. ఇక్కడ కిందికి, ఎడమకు. అంతే తేడా, అటుది ఇటు. రేణుక నల్లచక్రాన్ని వదిలేసి దాని పైన కుడిమూలకు గురిపెట్టింది. తీసుకుంది. వదిలింది. చెట్టు నిలబడలేదు, తను నిలబడింది. ఢాం. జెండా పైకి లేచింది. తగిలింది! అమ్మాయిల్లో గుసగుస మొదలైంది. రెండు. మూడు. నాలుగో దానికి ఎవరో చప్పట్లు కొట్టబోతే ఉస్తాద్ కళ్లురిమాడు. అయిదు, ఆరు, ఏడు. ఏడు తగిలితే చాలు, పరీక్ష గట్టెక్కినట్టే. రేణుక లెక్కపెట్టడం లేదు. ఎనిమిది. తొమ్మిది. పదోది చక్రం అంచును తాకుతూ పడింది. అయినా లోపలే.

పదికి పది. పక్క టార్గెట్ల మీద అదనపు రంధ్రం ఒక్కటీ లేదు.

ఆ తర్వాత రేంజ్ మీద క్రమశిక్షణ ఏమైందో చెప్పనక్కర్లేదు. సోమ్లీ వచ్చి మీద పడింది, ఆమె మీద ఇంకో పదిమంది పడ్డారు. ఆ గోలలోంచి లేచి చూసేసరికి రేంజ్ చివర వేపచెట్టు కింద మనోరమ నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో! సారయ్య నేరుగా ఆమె దగ్గరికి నడిచి, టోపీ సర్దుకుని, "మేడం, రేపటిసంది నా పిల్లలను పది పదిమందిని మీ దగ్గరికి తోలుత. మొదటి పదిమందిల నేనుంట," అన్నాడు. మనోరమ తల ఊపింది. చీకటి పడేదాకా ఆమె మొహంలో ఆ వెలుగు తగ్గలేదు.

కార్తీకంలో పరేడ్ జరిగింది. ట్రాలీ ఆటోలో పద్దెనిమిది మంది అన్నవాళ్లు ఇరవై నలుగురు దిగారు. కాటమయ్య తెల్ల చొక్కా ఇస్త్రీ మడత కూడా చెదరకుండా, దారంతా నిలబడే వచ్చాడట. బిడ్డ ముందు వరసలో అడుగేస్తూ పోతుంటే ఆ మనిషి ఏడ్చేశాడు. తుడుచుకోలేదు కూడా.

పరేడ్ అయ్యాక రేణుక ఆయన్ని సిమ్యులేటర్ గదికి తీసుకెళ్లింది. ఉస్తాద్, మనోరమ అక్కడే ఉన్నారు. జరిగిందంతా ఇప్పుడు విన్నాడు కాటమయ్య, రెండుసార్లు తప్పడంతో సహా. "నాకు జెప్పకపోతివి," అని ఒక్కమాట అన్నాడు.

"మీరు గూడ ఒకటి కొట్టుండ్రి బాపు," అంది మనోరమ, నాలుగో లేన్ రైఫిల్ చూపించి.

కాటమయ్య జీవితంలో రైఫిల్ ముట్టింది లేదు. పట్టుకోవడం సారయ్య చూపించాడు. తెల్ల చొక్కా నలుగుతుందని పడుకోనన్నాడు, నిలబడే కాలుస్తానన్నాడు. మోకు వేసుకుని నిలబడ్డట్టు కాళ్లు ఎడం పెట్టాడు. తీసుకున్నాడు, వదిలాడు, ఆ సందులో నొక్కాడు. తెర మీద టార్గెట్ నడిమిన చుక్క వెలిగింది. ఆ పక్కన ఆయన పచ్చగీత కనబడింది. వంకరే లేదు.

సారయ్య ఆ గీతను చాలాసేపు చూశాడు. "పెద్దమనిషీ, ఎన్నేండ్లాయె నేర్చుకోవట్టి?"

"నలభై ఏండ్లు. మాది తాళ్లల్ల సార్," అన్నాడు కాటమయ్య.

అని రైఫిల్ దించి, కళ్లకద్దుకుని, చొక్కా జేబులోంచి కాగితప్పొట్లం ఒకటి తీశాడు. ఊరినుంచి తెచ్చిన కుంకుమ. బిడ్డను గట్టెక్కించిన మిషన్‌ను అటూ ఇటూ చూస్తూ, దీంట్లో పనిచేసే చోటు ఏదా అని వెతుకుతూ, దూలం మీది నల్లడబ్బా దగ్గర ఆగాడు. చేయి పైకి లేచింది.

"బాపూ!" అని రేణుక ఒక్క కేక పెట్టింది. కొత్త కానిస్టేబులమ్మ మొదటి ఆర్డరు అదే. ఉస్తాద్ కేకకు లేవని పిట్టలు కూడా ఆ కేకకు లేచాయి.

"కంటికి వద్దే! కింద బల్లకాలికి పెట్టు!"

కాటమయ్య వంగి బల్లకాలికి బొట్టు పెట్టాడు. మనోరమ మళ్లీ స్టూలు మీద కూర్చుండిపోయి నవ్వింది.